ఐదో వారం బండి

రైలు అరకు ప్లాట్‌ఫారం దాటి పట్టుమని పది నిమిషాలు కాలేదు, సోని ఫోను మోగింది. గాయత్రక్క. డుంబ్రిగుడ వైపు ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు, పన్నెండేళ్లుగా ఆ కొండలన్నీ కాలినడకన తిరిగిన మనిషి, ఊసుపోక ఫోను చేసే రకం కాదు. "సోనీ, ఈరోజు బండి పేజీ ఖాళీగా ఉందే. పేరు లేదు, నంబరు లేదు. పనసగరువులో ఒక గుంటకి నొప్పులొచ్చేసినాయి, తొలి కానుపు. బండికి ఎవలికి ఫోను సెయ్యాల?" సోని నోరు తెరిచేలోగా రైలు కొండమలుపు తిరిగింది. గాయత్రక్క మాట మధ్యలో తెగిపోయింది. తెర మీద సిగ్నలు గీత ఒక్కటీ లేదు. కిటికీ బయట వలిసె చేలు పసుపు పచ్చగా వెనక్కి పోతున్నాయి, ఎదుటి సీట్లో ఎస్. కోట నుంచి సంతకొచ్చి తిరిగి వెళుతున్న గాజుల వ్యాపారి అట్టపెట్టెల మీద చెయ్యి వేసుకుని కునుకు తీస్తున్నాడు.

ఖాళీగా ఎందుకుంటుంది. నిన్న సాయంత్రం కొత్త కోడ్ ఎక్కించాక తానే చూసింది కదా, తొమ్మిది సైట్లూ ఒకదాని తరవాత ఒకటి తెరిచి, తొమ్మిదింటిలోనూ పేరూ నంబరూ కనబడ్డాకే కుర్చీలోంచి లేచింది. నిన్న ఉన్నది ఈరోజు ఎలా పోతుంది. సోని ఒళ్లో లాప్‌టాప్ తెరిచింది, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, తప్పు ఎక్కడుందో వెతకాలి, కానీ అంతకంటే ముందు గాయత్రక్కకి ఒక పేరు చెప్పాలి, ఆ పేరు తనకి తెలియదు. అదే సిగ్గు. ఈ కొండల్లో తొమ్మిది సంఘాలు, తొమ్మిదింటికీ తొమ్మిది వెబ్‌సైట్లు, అన్నీ చూసుకునేది తనే. ఒకటి కువి భాషలో మాట్లాడుతుంది, ఒకటి ఆదివాసీ ఒడియాలో, ఒకదాంట్లో కాఫీ పళ్లు ఏ రోజు కొంటారో ఉంటుంది, ఒకదాంట్లో సామలూ కొర్రలూ విత్తనాలు ఎవరింట్లో ఉన్నాయో ఉంటుంది. ఏది ఎలా ఉన్నా అన్నింటిలోనూ ఒక పేజీ మాత్రం ఒకటే, ఈరోజు బండి. అంబులెన్సు ఎక్కలేని దారుల్లో ఊళ్ల జీపులవాళ్లు వారానికొకరు చొప్పున వంతులు వేసుకున్నారు, ఈ వారం వంతు ఎవరిదో ఆ పేజీ చెబుతుంది. పాము కరిచినా, నొప్పులొచ్చినా, ఆ పేజీ తెరిచి ఆ నంబరు నొక్కుతారు. అంతే దాని పని. అంతే, కానీ అదొక్కటీ పోతే మిగతావన్నీ ఉండీ ఎందుకు.

మొదట ఆ పేజీ కట్టింది విశాఖ నుంచి వచ్చిన చైతన్య. మంచి పనివాడే, పాపం తొందరలో ఉన్నాడు. ఒక సంఘానికి చేసి, బాగుందనగానే దాన్నే కాపీ తీసి రెండోదానికి, మూడోదానికి, అలా తొమ్మిది సర్వర్ల మీద తొమ్మిది కాపీలు పెట్టి వెళ్లిపోయాడు. వెళ్లిన రోజున తొమ్మిదీ ఒకటే. తరవాత ఎవరి చెయ్యి పడ్డ చోట వాళ్లు మార్చుకున్నారు, ఒకచోట అక్షరాలు పెద్దవి చేశారు, ఒకచోట ఫోటోలు తీసేశారు, ఏడాది తిరిగేసరికి ఏది ఎందుకలా ఉందో చెప్పే మనిషి లేడు. సోని చేరాక ఏ తప్పు దిద్దాలన్నా తొమ్మిదిసార్లు దిద్దేది. కాగితం మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసుకుని, అయినదానికి అయినట్టు కొట్టేసుకుంటూ. పోయిన శ్రావణంలో ఒక జీపు డ్రైవరు నంబరు మార్చాడు, అతను మూడు సంఘాల ఊళ్లకి తిరుగుతాడు. రెండుచోట్ల మార్చింది. మూడోది మార్చబోతుంటే కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి ఇంకేదో పని వచ్చింది.

ఆ మూడోదే ఈశ్వరమ్మ ఊరు. కోడలికి నొప్పులొస్తే కొడుకు పాత నంబరుకే పదిహేనుసార్లు ఫోను చేశాడట, అది ఎప్పుడూ స్విచ్చాఫ్. చివరికి డోలీ కట్టి, జోరు వానలో, పొంగుతున్న గెడ్డ దాటించి, ఏడు కిలోమీటర్లు మోశారు. కోడలు బతికింది. బిడ్డ దారిలోనే పుట్టి, ఏడవలేదు. సోని తరవాతి వారం ఆ ఊరు వెళ్లింది, వెళ్లకుండా ఉండలేక. ఈశ్వరమ్మ వాకిట్లో కూచుని అడ్డాకులు కుడుతోంది. తిట్టలేదు. తిడితే బాగుండునని సోని అప్పుడూ అనుకుంది, ఇప్పుడూ అనుకుంటోంది. "అందులో రాసింది తప్పని మాకేటి తెలుసమ్మీ," అంది ఈశ్వరమ్మ, ఆకులోంచి కళ్లెత్తకుండా. "రాసి ఉందంటే నిజమే అనుకున్నాం. రాసి లేకపోతే ఇంకో బండి ఎతుక్కుందుము." ఆ మాట సోనిని వదల్లేదు. నడుస్తుంటే వినబడేది, తింటుంటే వినబడేది. ఆ రోజు కొండ దిగుతూనే నిర్ణయించుకుంది, ఈ తొమ్మిది కాపీలు ఉండకూడదు. అందరికీ కావాల్సినది ఒక్కచోటే ఉండాలి, అక్కడ మారిస్తే తొమ్మిదింటా మారాలి, ఎవరి భాష వాళ్లది, ఎవరి రంగులు వాళ్లవి, కానీ ఆ పేజీ వెనక నడిచే కోడ్ మాత్రం ఒకటే కావాలి. నాలుగు నెలలు పట్టింది. తొమ్మిది కాపీలనూ పక్కపక్కన పెట్టుకుని, వరుస వరుసా చదివి, పనికొచ్చేది ఉంచి, పనికిరానిది తీసేసి.

పనికిరానిది. వేళ్లు ఆగిపోయాయి.

రైలు మొదటి సొరంగంలోకి దూరింది. పెట్టెలో చీకటి పడింది, లాప్‌టాప్ వెలుగు ఒక్కటే మొహం మీద, చక్రాల చప్పుడు గోడలకి కొట్టుకుని రెండింతలై తిరిగి వస్తోంది. డుంబ్రిగుడ కాపీలో ఒక వరుస ఉండేది. ఐదో వారమైతే సుక్రు. అంతే, అదొక్కటే, ఎందుకో ఏమీ రాసి లేదు. అది చూసి సోని నవ్వింది, బాగా గుర్తు, కోడ్‌లో మనిషి పేరు రాసేస్తారా ఎవరైనా అని. అది రాసింది రవిబాబు, ఆ ఊరి హాస్టల్లో కంప్యూటరు చెప్పేవాడు, మూడేళ్ల కిందట బదిలీ మీద పోయాడు. పిలిచి అడగవచ్చు. అడగలేదు. తీసేసింది. నెలకి నాలుగు వారాలు, నాలుగు వంతులు, ఐదోది ఎక్కడిది అనుకుంది. ఇప్పుడు తారీఖు ఎంత. ఇరవై తొమ్మిది. ఏడేసి రోజుల చొప్పున లెక్కేస్తే ఇరవై ఎనిమిదితో నాలుగు వారాలూ అయిపోయాయి, నిన్నటితో. ఈరోజు ఐదో వారం మొదలైంది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మిగతా ఎనిమిది కాపీల్లో పేరు దొరక్కపోతే మొదటి వారం డ్రైవరు పేరు చూపించేలా పెట్టాడు చైతన్య. దాన్నీ తనే తీసేసింది. తెలియనప్పుడు ఊహించి చెప్పడం అబద్ధమే అనుకుంది, తెలియకపోతే ఖాళీగా ఉంచాలి, రాసి ఉందంటే నిజమే కావాలి, ఈశ్వరమ్మ అన్నది అదే కదా. ఎంత గట్టిగా నమ్మి చేసింది ఆ పని. ఇప్పుడు తొమ్మిది సంఘాల్లోనూ, ఒకే క్షణంలో, ఒకే ఖాళీ. పాత పద్ధతిలో ఒక తప్పు ఒక ఊరికే తగిలేది. తను అన్నింటినీ కలిపింది, తప్పు కూడా అందరికీ కలిపే వెళ్లింది. రేపు పదింటికి విశాఖలో మీటింగు. ఈ సైట్లన్నీ నగరంలో ఒక కంపెనీకి అప్పజెప్పాలా, సోని చేతిలోనే ఉంచాలా అని సంఘాలకి సాయం చేసే పెద్దలు తేలుస్తారు. నాలుగు నెలల పని చూపించి ఇదిగో అనాలని బయలుదేరింది. ఇప్పుడు ఏం చూపిస్తుంది. సరే, అది రేపటి సంగతి. ముందు సుక్రు. సుక్రు నంబరు ఎక్కడుంది, వంతుల జాబితాలో మూడో వారం కింద, ఉంది, దొరికింది, ఈ సొరంగం ఎప్పుడు అయిపోతుంది.

వెలుగు. రెండు గీతలు వచ్చాయి. ఒక్క మోతకే ఎత్తాడు సుక్రు.

"అన్నా, నేను సోనిని. పనసగరువు ఎల్లాల, బేగి. గాయత్రక్క అక్కడే ఉంది, తొలి కానుపు."

"ఐదో వారం నాదే కదా," అన్నాడు సుక్రు నింపాదిగా, అప్పుడే జీపు తాళం తిప్పిన చప్పుడు వినిపించింది. "మిగతావోళ్లకి నెలకొకటే వంతు. ఐదోది ఎవులిదీ కాదని నేనే తీసుకున్నాను. పొద్దున్నించి బండి తిప్పి పెట్టి కూకున్నాను. ఫోను రాలేదేటా అనుకుంతన్నాను." ఇంకో మాట ఏదో అన్నాడు, అది సొరంగంలో కలిసిపోయింది.

పొద్దున్నించి. బండి తిప్పి పెట్టి. ఎవరూ పిలవకపోయినా. సోనికి కళ్లు చెమర్చాయి, చీకట్లో ఎవరూ చూడలేదు, తుడుచుకోనూ లేదు. అతనికి తెలుసు. రవిబాబుకి తెలుసు. బహుశా ఆ వైపు ఊళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు ఐదో వారం సుక్రుదని. మిగతా ఎనిమిది చోట్ల మొదటి వారం డ్రైవర్లకీ తెలిసే ఉంటుంది, ఐదో వారం మళ్లీ తమదేనని, వాళ్లూ వాకిట్లో బండి పెట్టుకుని చూస్తూనే ఉండి ఉంటారు. మనుషుల మధ్య ఎప్పుడో తేలిపోయిన మాట. తెలియనిది ఒక్క తనకీ, తన కోడ్‌కీ. తప్పు అన్నింటినీ కలపడంలో లేదు. ఈ మాట సోని తనకి తానే గట్టిగా చెప్పుకుంది, ఎందుకంటే రేపు అదే అంటారు, చూశావా, వేరువేరుగా ఉంటే సరిపోయేది కదా అని. కాదు. వేరువేరుగా ఉన్నప్పుడే ఈశ్వరమ్మ మనవడు పోయాడు. తప్పు, అడక్కుండా తీసేయడంలో ఉంది. ఒకేసారి అందరికీ పంపేయడంలో ఉంది. నిన్న మీట నొక్కగానే తొమ్మిదీ మారిపోతుంటే ఎంత ముచ్చటగా చూసింది.

షిమిలిగుడలో రైలు ఆగింది. పొగమంచు ప్లాట్‌ఫారం మీదకి పాకుతోంది, ఎవరో వేడి టీ అని అరుస్తూ పోయారు, సోని తల ఎత్తలేదు. ఇక్కడ సిగ్నలు బాగుంది, ఎంతసేపు ఆగుతుందో తెలియదు. పాతదానికి తిప్పేస్తే ఒక్క నిమిషం పని, నాలుగు నెలల కిందట దాచిపెట్టిన తొమ్మిది కాపీలూ తిరిగొస్తాయి, ఐదో వారంతో సహా. వాటితో పాటు పాత నంబర్లూ తిరిగొస్తాయి. స్విచ్చాఫ్ అయిన నంబరు మళ్లీ తెర మీద నిజంలా కూచుంటుంది. వద్దు. దిద్దాలి, వెనక్కి పోకూడదు. అందరికీ ఉమ్మడిగా ఉన్న చోట రాసింది, ప్రతి సంఘం జాబితాలోనూ ఐదో గడి ఉండాలి, ఆ గడిలో ఎవరుండాలో ఆ సంఘమే చెప్పాలి, ఎవరూ చెప్పకపోతే అప్‌డేట్ ముందుకి కదలకూడదు, అసలు బయటికే రాకూడదు. ఇప్పటికి పాత పద్ధతి ప్రకారమే మిగతా ఎనిమిదింటికీ మొదటి వారం వాళ్ల పేర్లు, డుంబ్రిగుడకి సుక్రు. పైన మామూలు తెలుగులో రెండు మాటలు రాసింది, ఇది ఎందుకుందో, ఎవరిని అడగాలో. రవిబాబు అదొక్కటి చేసి ఉంటే. కాదు, తను ఒక్క ఫోను చేసి ఉంటే.

ఈసారి ఒక్కదానికే పంపింది. డుంబ్రిగుడకి. పంపి, తన ఫోనులో ఆ పేజీ తెరిచి, తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూచుంది. గాజుల వ్యాపారి లేచి ఆవలిస్తూ "ఏటమ్మా, పరీచ్చ ఫలితాలా" అని అడిగాడు. "అలాంటిదే బాబూ" అంది. పేజీ వచ్చింది. సుక్రు, కింద నంబరు. తారీఖు ముందుకి జరిపి చూసింది, ఒకటో తారీఖుకి మొదటి వారం పేరు సరిగ్గా వచ్చింది. వెనక్కి జరిపింది, ముప్ఫైకి, ఇరవై ఎనిమిదికి, అన్నీ సరే. అప్పుడు రెండోదానికి పంపింది. చూసింది. మూడోదానికి. రైలు కదిలింది. నాలుగోది వెళుతుండగా సొరంగం వచ్చి సగంలో ఆగింది, బయటికి రాగానే మళ్లీ పంపింది, చూసింది. ఎన్ని సొరంగాలు దాటాయో లెక్క లేదు, వెలుగొచ్చినప్పుడు పంపడం, చీకట్లో ఎదురుచూడడం, చిన్నప్పుడు అమ్మతో కాఫీ పళ్లు కోస్తుంటే ఇలాగే, పండినదొకటి, ఆగి, చూసి, ఇంకోటి, గుత్తి మొత్తం దూయబోతే అమ్మ చెయ్యి పట్టుకునేది, పచ్చివీ రాలిపోతాయే గుంటా అని. కరకవలస దాటింది. ఏడు. ఎనిమిది. ఎనిమిదోదాంట్లో కువి మాటల కింద పేరు కనబడగానే సోని ఊపిరి వదిలింది, మెడ నొప్పి అప్పుడు తెలిసింది.

తొమ్మిదోది పలకలేదు.

మామిడిగెడ్డ. బొర్రా పైన, అనంతగిరి కొండల్లో. అక్కడ సెల్ టవరు అందదు, అందుకని ఉపకేంద్రంలోనే శాటిలైట్ ద్వారా నెట్టు అందుకునే ఒక చిన్న పెట్టె పెట్టారు, చుట్టుపక్కల ఇళ్ల ఫోన్లకి సైటు అందులోంచే వస్తుంది. నిన్నటి అప్‌డేట్ తీసుకుంది, ఈరోజుది తీసుకోవడం లేదు. మళ్లీ పంపింది. జవాబు లేదు. ఇంకోసారి. నిన్న తను పంపినది మింగి, అలాగే కొయ్యబారి కూచుంది. అక్కడి నర్సు రమణికి ఫోను కలవదు, కలిసే చోటయితే ఆ పెట్టె అవసరమే లేదు. కరెంటు తీసి మళ్లీ ఇస్తే లేస్తుంది, కానీ అది రమణికి చెప్పేదెవరు. అంటే మామిడిగెడ్డలో ఈ క్షణాన పేజీ ఖాళీ. రేపూ ఖాళీ. ముప్ఫయ్యో తారీఖు దాటి ఒకటి వచ్చేదాకా ఖాళీ. రెండు రోజులే కదా అంది లోపల ఒక గొంతు. ఎనిమిది అయ్యాయి కదా. మీటింగు అయ్యాక ఎవరినైనా పంపవచ్చు కదా. చిన్న ఊరు, ఈ రెండు రోజుల్లో అక్కడ ఎవరికి ఏమవుతుంది. సోని ఆ గొంతుని పూర్తిగా విన్నది, దాన్ని కసరలేదు, తన గొంతే అది, శ్రావణంలో కరెంటు వచ్చాక ఇంకో పనిలో పడ్డప్పుడు మాట్లాడింది కూడా అదే. విని, లాప్‌టాప్ మూసి, సంచీ దింపుకుంది.

బొర్రా గుహలు స్టేషన్లో రైలు ఆగేలోపు విశాఖ పెద్దలకి సందేశం రాసింది. నిన్న నేను పంపిన అప్‌డేట్ వల్ల ఈరోజు మధ్యాహ్నం దాకా తొమ్మిది చోట్లా బండి పేజీ ఖాళీ అయింది. తప్పు నాది. ఎనిమిది దిద్దాను. తొమ్మిదోదానికి వెళుతున్నాను. రేపు ఆలస్యంగా వస్తాను, వచ్చాక ఏం జరిగిందో మొత్తం చెబుతాను, ఆ తరవాత మీ ఇష్టం. ఒకసారి చదువుకుంది. మెత్తబరిచే మాట ఒకటి చేర్చాలనిపించింది, చేర్చలేదు, పంపేసింది. ప్లాట్‌ఫారం మీద దిగి కోతులను తప్పించుకుంటూ మెట్ల వైపు నడుస్తుంటే గాయత్రక్క ఫోను.

"ఆస్పత్రిలో దించేసినాం. డాక్టరమ్మ చూస్తంది. సుక్రు గాలిలో తెచ్చినాడు, నా నడుం పోయింది." నవ్వింది గాయత్రక్క. "పేజీ వచ్చింది, చూసినాను. ఏటయిందే అసలు?"

"నేను తప్పు చేసినానక్కా. తరవాత చెబుతాను. ఇంకోచోట కూడా ఉంది, పోతన్నాను."

ఆటో సగం దారే వచ్చింది. మిగతా సగం రాళ్ల బాట, మిరియాల తీగలు అల్లుకున్న చెట్ల కింద, ఒక్కతే. సంచీ భుజాన్ని కోస్తోంది, రైల్లో ఉన్నంతసేపూ బుర్రలో ఒకదాని మీద ఒకటి పడిన మాటలన్నీ ఎక్కడో అణిగిపోయి, ఇప్పుడు అడుగు పెట్టే రాయి మీదే దృష్టి ఉంది. ఎండ కొండ అంచుకి చేరేవేళకి మామిడిగెడ్డ చేరింది. రమణి ఉపకేంద్రం గడప మీద కూచుని టీకాల చీటీలు సర్దుతోంది, తల ఎత్తి "ఏటమ్మా సోనీ, కబురైనా లేకుండా" అంది. పేజీ ఖాళీగా ఉన్నట్టు ఆమె చూడనేలేదు. ఈరోజు దాంతో ఎవరికీ అవసరం పడలేదు. సోని లోపలికి వెళ్లి పెట్టె తీగ లాగింది, పది అంకెలు లెక్కపెట్టింది, మళ్లీ పెట్టింది. చిన్న పచ్చదీపం కాసేపు కొట్టుకుని నిలబడింది. దిద్దినది ఎక్కించింది. రమణి ఫోనులో పేజీ తెరిపించింది. పేరు వచ్చింది, నంబరు వచ్చింది. ఉపకేంద్రంలో సెల్ అందదు కాబట్టి ఇద్దరూ సిగ్నలు దొరికే దిబ్బ దాకా నడిచి, ఆ నంబరుకి రమణి చేత ఫోను చేయించింది. అవతల డ్రైవరు ఎత్తి "సెప్పండమ్మా, రావాలా" అన్నాడు. అక్కర్లేదు, చూస్తున్నాం అంది రమణి.

అక్కడే సోని ఫోనులో గాయత్రక్క సందేశం వచ్చి పడింది. ఆడగుంట. ఇద్దరూ బాగున్నారు. సోని దాన్ని చదివి రమణికి చూపించి, దిబ్బ మీది రాయి మీద కూచుంది. రమణి పక్కన కూచుంది. జరిగింది మొత్తం విన్నది, ఏదీ దాచకుండా చెప్పింది సోని, తీసేసిన వరుసా, నవ్విన నవ్వూ అన్నీ.

"అయితే మరింక ఇలాగవదు కదా?" అంది రమణి.

కింద లోయలో ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు.

"ఇదవదు," అంది సోని. "ఇంకోటి ఏదో అవుతాది. అప్పుడు కూడా నేనే వస్తాను." లేచి మసకబారుతున్న దారి వైపు చూసింది. "పొద్దున్న కిందకి పోయే మొదటి జీపు ఎన్నింటికి?"